బుట్ట కన్ను

తోకాయ్‌లో రాత్రి రెండు దాటింది.
బయట పైన్ తోపు సముద్రంతో ఏదో వాదిస్తోంది.
లోపల, కాంక్రీటు గోడల వెనక,
ప్రోటాన్లు గ్రాఫైటుకు తల బాదుకుంటున్నాయి
సెకనుకు ఇరవై అయిదు సార్లు, అలుపు లేకుండా.
ఆ దెబ్బకు పుట్టినవాటికి పుట్టిన మ్యువాన్లు
గొట్టంలోంచి మా వైపు వస్తున్నాయి,
ముందుకు పరుగెడుతూనే
అన్నీ వచ్చిన దారి వైపు ముఖం పెట్టి.

వాటి ఆయుష్షు రెండు మైక్రోసెకన్లు, ఆపైన చిల్లర.
నువ్వు రెప్ప వేసి తెరిచేలోగా
లక్ష తరాలు గడిచిపోతాయి.
ఆ కాస్తలోనే రాయి లోపలికి దిగి,
చోటు చూసుకుని కూర్చుని,
పక్కింటి అయస్కాంతం ఎటు లాగితే అటు బొంగరంలా తిరిగి,
పోతూ పోతూ ఒక పాజిట్రాన్‌ని విసిరి
చెప్పవలసింది చెప్పేస్తాయి.
మేం గుమాస్తాలం.
మరణ వాంగ్మూలాలు రాసుకుంటాం, గంటకు కోట్లలో.
ఒక్కదాని మాట చెల్లదు.

ఆ పొడిని ఇత్సుకి మినగావా
పద్నాలుగు నెలలు కొలిమిలో పెంచాడు.
పాచి రంగు. చెంచాడు కూడా ఉండదు.
వెండి పళ్ళేనికి అంటించి
చలికే చలి పుట్టే చోటికి దించాం.
అందులో రాగి అణువులు త్రిభుజాలు కట్టి,
త్రిభుజాలు మూలలు పంచుకుని,
నడుమ ఆరు మూలల ఖాళీ వదిలి
అచ్చం వెదురు బుట్ట అల్లికలా ఉంటాయి.
ఇక్కడ ఆ అల్లికను కాగోమె అంటారు, బుట్ట కన్ను.
మితోలో చేపల బుట్టలల్లే సుగెనుమా గారికి
ఇత్సుకి ఆ బొమ్మ చూపిస్తే
ఆయన కళ్ళజోడు సర్దుకుని అడిగాడట:
"దీనికి అంచు ఎక్కడ కట్టారు?"

ప్రతి జంటకూ ఎడమొహం పెడమొహంగా ఉండాలని పంతం.
ఇద్దరైతే కుదురుతుంది.
మూడోవాడు ఎటు తిరిగినా ఒకరితో పేచీ.
అందుకని ఎవరూ తేల్చుకోరు,
ఎంత చలిలోనూ కుదురుగా నిలబడరు.
ఇది మా ఆశ. సాక్ష్యం ఇంకా లేదు.

మూడింటికి తెర మీద అల వచ్చింది.
చిన్నది, నిదానమైనది,
పడవ వెళ్ళిపోయాక రేవులో మిగిలినట్టు.
అల అంటే లోపల ఎవరో ఒక మాట మీదికొచ్చారని.
అల అంటే ఇది అందరిలాంటి అయస్కాంతమేనని.
ఇత్సుకి ఏమీ అనలేదు.
ఈ ఊరి చలిగాలికి ఆరిన చిలగడదుంప ముక్క
సగం కొరికినది అలాగే చేతిలో ఉండిపోయింది.

కువబారా చిజురు గారు కుర్చీ వెనక్కి నెట్టారు.
"వేడి చెయ్యండి."
చేశాం. అయిదు కెల్విన్లు, ఇరవై, ఏభై.
అల చెక్కు చెదరలేదు.
చలికి పుట్టినది వేడికి పోవాలి కదా!
ఆవిడ బీమ్ ఆపించి, తాళం చెవి మెడలో వేసుకుని,
టార్చితో కిందికి దిగారు.
క్రయోస్టాట్ చుట్టూ మోకాళ్ళ మీద పాకి
ఒక రెంచి పట్టుకుని పైకొచ్చారు.
పగటి షిఫ్టువాళ్ళు మరిచిపోయినది, అయస్కాంతం పట్టిన ఇనుము.
మేం ఇంతసేపూ విన్నది రాతి మాట కాదు,
వెండి పళ్ళెంలో దిగిన మ్యువాన్లు
రెంచిని చూసి చెప్పిన మాట.

మళ్ళీ చల్లబడేసరికి పగలు సగం పోయింది.
గీత వచ్చింది. అల లేదు.
మెల్లగా వంగుతూ, ఎక్కడా ఊగకుండా,
కుడి అంచుకు చేరేసరికి చుక్కలు చెదిరిపోయాయి.
ఇత్సుకి నోటుబుక్కులో "ఏమీ లేదు" అని రాయబోతే
చిజురు గారు వేలు అడ్డం పెట్టారు.
"ఏమీ లేదని కాదు. ఆగలేదు అని రాయి."
కాసేపాగి,
"పెన్సిలుతో రాయి. క్షేత్రం పెంచి చూడాలి ఇంకా."

పంతొమ్మిది గంటల బీమ్ మిగిలింది.
అతను ఆ దుంప ముక్క తినేశాడు.
రెంచికి ఎవరో ఎర్ర టేపు చుట్టి
తలుపు బయట మేకుకు తగిలించారు.